గాలిని పట్టి ఉంచే కుట్టుపని

ఐస్‌లాండ్‌లోని థింగ్‌వెల్లిర్ జాతీయ వనంలో సిల్ఫ్రా అనే లోతైన పగులు ఉంది. ఉత్తర అమెరికా ఫలకం, యురేషియా ఫలకం ఎడంగా జరుగుతున్న చోట నేల చీలి, ఆ చీలికలో నీళ్లు నిండాయి. లాంగ్‌యోకుల్ హిమానీనదం కరిగిన నీరు లావా రాళ్లలో దశాబ్దాల తరబడి వడగట్టుకుంటూ వచ్చి ఇందులో చేరుతుంది. నీటి అడుగున నూరు మీటర్ల దూరం దాకా చూపు ఆనుతుంది. ఏడాది పొడవునా ఉష్ణోగ్రత 2 నుంచి 4 డిగ్రీల సెల్సియస్. అలాంటి నీళ్లలో మనిషి అరగంటసేపు నింపాదిగా ఈదుతూ, చుట్టూ ఉన్న రాతిగోడల రంగులు చూసుకుంటూ తిరిగి వస్తున్నాడు. ఫొటోల్లో మనకు కనబడేది అతని ఒంటి మీది డ్రైసూట్. అతనికి ఆ అరగంట దక్కింది మాత్రం దాని కింద తొడుక్కున్న దుస్తుల వల్ల. ఎవరి కంటా పడని ఆ లోపలి దుస్తుల్లో ఎంత పనితనం ఉందో చెప్పడానికే ఈ వ్యాసం.

డ్రైసూట్ పని నీళ్లను బయట ఆపడం వరకే. మెడ దగ్గర, మణికట్ల దగ్గర లేటెక్స్ లేదా సిలికాన్ సీళ్లు, నీళ్లు చొరని మందపాటి జిప్, కాళ్లకు సూట్‌తో కలిపి అతికించిన బూట్లు. ఛాతీ మీద గాలి ఎక్కించే వాల్వ్, ఎడమ భుజం కింద గాలి వదిలే వాల్వ్. ఇప్పుడు ఎక్కువమంది వాడుతున్న ట్రైలామినేట్ రకంలో రెండు సింథటిక్ గుడ్డల నడుమ పల్చటి రబ్బరు పొర ఉంటుంది. తేలిక, మన్నిక, ఆరబెట్టడం సులువు. వెచ్చదనం మాత్రం దాదాపు సున్నా. నియోప్రీన్‌తో చేసిన సూట్లు కొంత వెచ్చదనం ఇస్తాయి కానీ గడ్డకట్టే నీళ్లలో వాటికీ లోపలి దుస్తులు కావలసిందే.

వేడిని లాగేయడంలో నీరు గాలికి సుమారు 25 రెట్లు. కాబట్టి ఒంటికీ నీటికీ మధ్య గాలిపొరను నిలబెడితే చాలా వరకు గెలిచినట్టే. చిక్కల్లా ఆ గాలిని కదలకుండా ఉంచడంలోనే. కదిలే గాలి చర్మం దగ్గర వేడెక్కి, సూట్ గోడ దగ్గర చల్లబడి, తిరుగుతూ వేడిని మోసుకుపోతుంది. లోతుకు దిగేకొద్దీ సూట్‌లోని గాలి చిక్కనవుతుంది. 30 మీటర్ల లోతులో దాని సాంద్రత ఉపరితలంలో ఉన్నదానికి నాలుగు రెట్లు. నిశ్చలంగా ఉన్నంతసేపూ చిక్కటి గాలి కూడా అంతే తక్కువగా వేడిని వదులుతుంది, కానీ కదిలే వీలు దొరికితే మరింత వేడిని మోసుకుపోతుంది. అందుకే దాన్ని కంటికి ఆనని చిన్నచిన్న గదుల్లో బంధించాలి. ఉన్ని, ఫ్లీస్, సింథటిక్ పోగుల పొరలు అన్నీ చేసేది ఈ పనే. నేసేవాళ్లు, కుట్టేవాళ్లు నిజంగా తయారుచేస్తున్నది ఆ గదుల్ని. వాటిని చెరిపేసేవి మూడు: నీటి నొక్కుడు, చెమట తడి, ఒంటి కదలిక. మంచి లోపలి దుస్తుల్లో ప్రతి పోగుకూ, ప్రతి కుట్టుకూ ఈ మూడింటిలో ఏదో ఒకదానితో పోరాటం ఉంటుంది.

ఒంటికి ఆనుకునే పొరతో మొదలుపెడదాం. నేను చూసిన వాటిలో నాకు అన్నిటికంటే నచ్చింది స్వీడన్‌లోని ఓస్టర్‌సుండ్ పట్టణంలో వుల్‌పవర్ సంస్థ చేసే ఉల్‌ఫ్రొట్టె. స్వీడన్ సైన్యం, వైద్యులు, చలిప్రాంతాల్లో బతకడం తెలిసిన నిపుణులు కలిసి పనిచేయగా 1970ల తొలినాళ్లలో రూపుదిద్దుకున్న అల్లిక ఇది. సైనికుల కోసం పుట్టినా చన్నీళ్ల డైవర్లు కూడా దీన్ని తమది చేసుకున్నారు. రకాన్ని బట్టి 60 నుంచి 80 శాతం దాకా మెరినో ఉన్ని, మిగతాది ఎక్కువగా నైలాన్, పాలిస్టర్ వంటి గట్టి నూలు. మందాన్ని చదరపు మీటరు బరువుతో చెబుతారు: 200, 400, 600 గ్రాములు.

ఆ చొక్కాను తిరగేసి చూడండి. బయటివైపు నునుపైన మామూలు అల్లిక. లోపలివైపు మన టర్కీ టవల్ మీద ఉన్నట్టు వేలాది చిన్న నూలు ఉచ్చులు లేచి నిలబడి ఉంటాయి. చర్మాన్ని తాకేవి ఆ ఉచ్చుల కొసలే. కొసకూ కొసకూ మధ్య, ఉచ్చు లోపల, ఉచ్చు మొదట్లో ఉన్నదంతా గాలి. ఈ గుడ్డ పరిమాణంలో దాదాపు 80 శాతం గాలేనని చేసేవాళ్లు చెబుతారు. చేత్తో పట్టి చూస్తే ఆ మాట నమ్మబుద్ధవుతుంది. బొటనవేలితో గట్టిగా అదిమి వదలండి. ఉచ్చులు నెమ్మదిగా మళ్లీ పైకి లేస్తాయి. మెరినో పోగు పుట్టుకతోనే వంకీలు తిరిగి ఉంటుంది. ఒక పోగు మరో పోగు మీద చదునుగా పడుకోలేదు. ఆ వంకీలే దాని స్ప్రింగులు. ఉచ్చుల అడుగున ఉన్న అల్లికకు నైలాన్ బలం ఇస్తుంది, ఉచ్చులకు ఉన్ని మెత్తదనం ఇస్తుంది. ఏది ఎక్కడ ఉండాలో అక్కడే ఉంది.

తడి విషయంలోనూ ఉన్ని గొప్పది. తన బరువులో సుమారు మూడోవంతు నీటి ఆవిరిని పోగు లోపలికి పీల్చుకుని కూడా పైకి తడిగా అనిపించదు. పీల్చుకునేటప్పుడు కొద్దిగా వేడిని కూడా విడుదల చేస్తుంది. డ్రైసూట్‌లో ఇది చాలా పెద్ద సుగుణం. ఎందుకంటే నీళ్లు లోపలికి రానివ్వని గోడ చెమటను బయటికీ పోనివ్వదు. ఒడ్డున సామాను మోస్తూ పట్టిన చెమట ఆవిరై బయటికి ప్రయాణించి, చల్లటి సూట్ గోడను తాకి, అక్కడ నీటి బిందువులుగా మారుతుంది. డైవ్ ముగిశాక లోపల తడి చూసి సూట్ కారిందనుకునే వాళ్లు చాలామంది. అందులో ఎక్కువ భాగం వాళ్ల ఒంటి చెమటే. మంచి లోపలి పొర ఆ తడిని చర్మం దగ్గర ఆగనివ్వకుండా బయటికి పంపేస్తుంది. నూలు బనియన్ దీనికి పనికిరాదు. పత్తి తడిని పట్టుకుని కూర్చుంటుంది, దాని ఉచ్చులు తడిసి అతుక్కుపోతాయి, గాలిగదులన్నీ నీటిగదులవుతాయి.

ఓస్టర్‌సుండ్‌లో ఈ గుడ్డను గొట్టంలా గుండ్రంగా అల్లుతారు. అందువల్ల పక్కల కుట్లు ఉండవు. సూట్ ఒంటిని అదిమినప్పుడు లావు కుట్టు చర్మం మీద వాత పెడుతుంది, గంట గడిచేసరికి అది నొప్పిగా మారుతుంది. కుట్టు తప్పని చోట రెండు అంచుల్నీ ఒకదాని మీద ఒకటి వేయకుండా పక్కపక్కన ఆనించి చదునుగా కుడతారు. ఇంకో సంగతి నన్ను బాగా కదిలించింది. ఒక్కో దుస్తును మొదటి కుట్టు నుంచి చివరి కుట్టు దాకా ఒకే మనిషి కుడతారు. లోపలి లేబుల్ మీద ఆ మనిషి పేరు ఉంటుంది. గడ్డకట్టే నీళ్లలోకి దిగేవాడి ఒంటిని కాపాడే గుడ్డకు ఒక మనిషి పూచీ పడటమంటే నా దృష్టిలో చిన్న విషయం కాదు.

దీని పైన వచ్చేది అసలైన బరువు మోసే పొర. డైవర్లు అండర్‌సూట్ అనేది దీన్నే. మెడ నుంచి చీలమండల దాకా ఒకే ముక్కగా, ముందు జిప్‌తో ఉంటుంది. నీటి నొక్కుడుతో యుద్ధమంతా ఇక్కడే. డైవర్ నీళ్లలో నిలువుగా ఉన్నాడనుకుందాం. భుజాల నుంచి పాదాల దాకా దాదాపు 1.4 మీటర్లు. ఆ మేరకు పాదాల దగ్గర నీటి పీడనం ఎక్కువ. సూట్‌లోని గాలి పైకి, భుజాల వైపు చేరుతుంది. కింద కాళ్ల దగ్గర నీరు సూట్‌ను ఒంటికి అదుముతుంది. లెక్క వేస్తే అక్కడ 10 సెంటీమీటర్ల పొడవు, 10 సెంటీమీటర్ల వెడల్పు ఉన్న గుడ్డ మీద సుమారు 14 కిలోల బరువు పెట్టినట్టు. బోర్లా ఈదేటప్పుడు వీపుకూ పొట్టకూ మధ్య 25 సెంటీమీటర్ల తేడా ఉంటే, పొట్టవైపు అదే ముక్క మీద రెండున్నర కిలోలు పడుతుంది. దిగేటప్పుడు వాల్వ్‌తో గాలి ఎక్కిస్తూ ఉంటారు కనుక 5 మీటర్ల దగ్గరైనా 40 మీటర్ల దగ్గరైనా ఈ తేడా ఇంతే. గాలి ఎంత ఎక్కించినా అది పైభాగానికే పోతుంది. కింది భాగాల్లో ఆ బరువును మోయవలసింది పోగులే.

కొండలెక్కేవాళ్లకు ప్రాణమైన బాతు ఈకల జాకెట్ ఇక్కడ ఓడిపోయేది అందుకే. గాలిలో దానికి సాటి లేదు. రెండున్నర కిలోల బరువు కింద అది కాగితమవుతుంది. చలి దుస్తుల వెచ్చదనాన్ని కొలవడానికి గాగీ, బర్టన్, బాజెట్ అనే శాస్త్రవేత్తలు 1941లో 'క్లో' అనే కొలమానం ఇచ్చారు. 21 డిగ్రీల గదిలో కుదురుగా కూర్చున్న మనిషికి హాయిగా ఉండే దుస్తులు ఒక క్లో. కొలత మంచిదే కానీ గాలిలో, బరువు పడకుండా కొలిచిన క్లో నీళ్లలో అలాగే నిలుస్తుందని అనుకోకూడదు. డైవర్ అడగవలసింది, అదిమిన తర్వాత ఈ గుడ్డలో ఎంత మందం మిగులుతుంది అని.

ఆ ప్రశ్నకు బాగా జవాబు చెప్పినవాటిలో త్రీఎమ్ సంస్థ 1970ల చివర్లో తెచ్చిన థిన్సులేట్ ఒకటి. కరిగిన ప్లాస్టిక్‌ను వేడిగాలితో ఊది తీసిన అతి సన్నటి పోగులు అందులో ఉంటాయి. మామూలు పాలిస్టర్ పోగుల కంటే ఇవి చాలా సన్నం. పోగు సన్నగా ఉన్నకొద్దీ అదే మందంలో ఎక్కువ పోగులు పడతాయి, గాలిగదులు మరీ చిన్నవవుతాయి. డైవింగ్‌కు వాడే దట్టమైన రకంలో పోగు పాలీప్రొపిలీన్. అది నీళ్లను దాదాపు పీల్చుకోదు. సూట్‌లోకి నీళ్లు వచ్చినా కొంత వెచ్చదనం మిగులుతుంది. ఆ కొంతే మనిషిని పడవ దాకా చేర్చవచ్చు. పోలండ్‌లోని గ్డీనియాలో సాంటి సంస్థ చేసే బీజెడ్400 ఈ దారిలో పేరు తెచ్చుకున్న అండర్‌సూట్. పేరులోని 400 చదరపు మీటరుకు గ్రాముల లెక్క.

రెండో దారి ఫ్లీస్. అమెరికాలో మసాచుసెట్స్ రాష్ట్రంలోని మాల్డెన్ మిల్స్ 1979లో తెచ్చిన ఈ గుడ్డను, అల్లికను గీకి నూగు లేపి చేస్తారు. సాగుతుంది, ఒంటికి చక్కగా అమరుతుంది, తడిని త్వరగా బయటికి పంపుతుంది. ఒకే మందంలో థిన్సులేట్ కంటే కాస్త తక్కువ వెచ్చన. కదలికకు మాత్రం మేలు. ఇంగ్లండ్‌లోని కార్న్‌వాల్‌కు చెందిన ఫోర్త్ ఎలిమెంట్ సంస్థ వాళ్లు ఒంట్లో ఏ భాగానికి ఎంత వెచ్చదనం కావాలో చూసి, వేర్వేరు చోట్ల వేర్వేరు మందాల ముక్కలు కలిపి కుడతారు. ఒళ్లంతా ఒకే మందం వేయడం సులువు. నడుము మీద ఎక్కువ, మోచేతి మడతలో తక్కువ వేయాలంటే దర్జీకి శరీరశాస్త్రం తెలిసుండాలి.

ఇక కత్తిరింపు, కుట్టు. నా దృష్టిలో మంచి అండర్‌సూట్ గుట్టంతా ఇక్కడే బయటపడుతుంది. చంక దగ్గర చూడండి. అక్కడ సాగే గుడ్డతో ఒక ముక్క విడిగా కలిపి ఉంటుంది. డైవర్ తన వీపు మీది సిలిండర్ వాల్వ్‌ను తానే తిప్పుకోగలగాలి. అందుకు చేతులు తల వెనక్కి వెళ్లాలి. ఆ ముక్క లేకపోతే చెయ్యి ఎత్తగానే సూట్ మొత్తం పైకి లాక్కుంటుంది. తొడల మధ్య, మోకాళ్ల వెనక కూడా ఇదే జాగ్రత్త. వీపు భాగాన్ని ముందుభాగం కంటే పొడవుగా కత్తిరిస్తారు, వంగినప్పుడు నడుము దగ్గర ఖాళీ పడకుండా.

కాలర్ పొట్టిగా ఉంటుంది. మెడ సీల్ చర్మాన్నే అంటిపెట్టుకోవాలి. ఒక్క నూలుపోగు, ఒక్క వెంట్రుక దాని కింద చిక్కినా అదే నీటికి కాలువ అవుతుంది. చేతి కొసలు మణికట్టు సీల్ రాకముందే ఆగిపోతాయి. కొసల్లో బొటనవేలికి తగిలించే ఉచ్చు, పాదం కింద నుంచి పోయే పట్టీ ఉంటాయి. పైన సూట్ తొడిగేటప్పుడు లోపలి చేతులు, కాళ్లు పైకి ముడుచుకుపోకుండా పట్టుకోవడానికి. పొడి గ్లవ్స్ వాడేవాళ్లలో కొందరు ఆ ఉచ్చును సీల్ కింద అలాగే ఉంచుతారు. దాని పక్క నుంచి సూట్‌లోని గాలి గ్లవ్స్‌లోకి చేరి వేళ్లను నొక్కుడు నుంచి కాపాడుతుంది. గ్లవ్ చిరిగితే అదే దారిన నీళ్లు సూట్‌లోకి వస్తాయని కూడా వాళ్లకు తెలుసు.

ఎడమ చేయి పైభాగం మరీ ముఖ్యం. గాలి వదిలే వాల్వ్ సరిగ్గా అక్కడ ఉంటుంది. పైకి వచ్చేటప్పుడు సూట్‌లోని గాలి ఉబ్బుతుంది. అది వెంటవెంటనే బయటికి పోకపోతే డైవర్ తన ప్రమేయం లేకుండా పైకి దూసుకుపోతాడు. లోపలి గుడ్డ నున్నగా, గాలి చొరనిదిగా ఉండి వాల్వ్‌కు అతుక్కుంటే దారి మూసుకుపోతుంది. అందుకే కొందరు తయారీదారులు సరిగ్గా ఆ చోట వలలాంటి గుడ్డ వేస్తారు. నాసిరకం గుడ్డ నూగు రాలిస్తే అది వాల్వ్‌లో చేరి, వాల్వ్ పూర్తిగా మూసుకోక నీళ్లు కారతాయి. అరచెయ్యంత చోటులో ఒక ప్రాణరక్షణ సూత్రాన్ని కుట్టి పెట్టారు. చూడమని చెప్పేవాళ్లు లేకపోతే ఎవరూ చూడరు.

గుడ్డపొరల్ని కలిపే అడ్డకుట్ల మీద కూడా కన్నేయాలి. కుట్టు పడ్డ ప్రతి గీతలోనూ పొర మందం దాదాపు సున్నా, అక్కడ చలి గీత గీసినట్టు తెలుస్తుంది. మంచి పనివాళ్లు కుట్లను వీలైనంత దూరంగా వేస్తారు, లోపలి పొర కుట్టూ బయటి పొర కుట్టూ ఒకేచోట పడకుండా చూస్తారు. జిప్ వెనక గుడ్డపట్టీ వేస్తారు. ఆ పట్టీ లేని అండర్‌సూట్‌లో ఛాతీ మధ్యన నిలువుగా చలి దిగుతుంది.

పాదాల సంగతి ఒక్క మాటలో చెప్పవచ్చు: బిగుతు పనికిరాదు. రెండు జతల ఉన్ని సాక్సులు వేసి బూటు బిగిసిపోతే రక్తం ఆడదు, ఒక్క జత కంటే త్వరగా వేళ్లు తిమ్మిరెక్కుతాయి. చేతివేళ్లు చల్లబడుతున్నాయంటే గ్లవ్స్‌నే అనుమానించకూడదు. మొండెం చల్లబడితే శరీరం ముందుగా వేళ్లకు రక్తం తగ్గిస్తుంది. చాలాసార్లు చేతులకు మందు ఛాతీ మీద వేసిన లోపలి జాకెట్టే.

సూట్‌లో నింపే వాయువు కూడా లెక్కలోకి వస్తుంది. లోతు డైవ్‌లలో శ్వాసకు వాడే హీలియం మిశ్రమాన్ని సూట్‌లోకి ఎక్కించరు. హీలియం గాలికి దాదాపు ఆరు రెట్లు వేడిని లాగేస్తుంది. ఆర్గాన్ గాలిలో మూడింట రెండు వంతులే లాగుతుంది కాబట్టి కొందరు దాన్ని చిన్న సిలిండర్‌లో మోసుకెళ్తారు. ఆ సిలిండర్ పొరపాటున కూడా శ్వాసకు వాడకుండా స్పష్టంగా గుర్తు పెట్టాలి. బ్యాటరీతో వేడెక్కే లోపలి జాకెట్లూ వచ్చాయి. అవి మంచివే కానీ బ్యాటరీ ఆగిపోతే ఎలా అన్నది ముందే తేల్చుకోవాలి. అమెరికా నౌకాదళ ప్రయోగాత్మక డైవింగ్ విభాగం 2007లో వెలువరించిన పరిశోధనలో, అడుగున వెచ్చగా ఉండి పైకి వచ్చేటప్పుడు చల్లబడిన డైవర్లకు డీకంప్రెషన్ జబ్బు (పైకి వచ్చేటప్పుడు ఒంట్లో వాయు బుడగలు ఏర్పడి కలిగే జబ్బు) ముప్పు ఎక్కువని తేలింది. అడుగున చల్లగా ఉండి, పైకి వచ్చేటప్పుడు వెచ్చగా ఉన్నవాళ్లకు ఆ ముప్పు బాగా తక్కువ. మొదట్లో వెచ్చగా ఉంచి చివర్లో ఆగిపోయే హీటర్ కంటే చివరిదాకా ఒకేలా నిలిచే ఉన్ని, థిన్సులేట్ మేలు. హీటర్ పనిచేయదనుకునే లోపలి దుస్తులు ఎంచుకోవాలి. అది పనిచేస్తే అదనపు సుఖం.

మందం పెంచుతూ పోవడం కూడా తెలివి కాదు. లోపల అదనంగా చేరే ప్రతి లీటరు గాలికీ నడుముకు దాదాపు కిలో సీసం కట్టాలి. వేడి నీళ్లకూ చల్లటి నీళ్లకూ ఒకే అండర్‌సూట్ సరిపోదు. 10 నుంచి 15 డిగ్రీల నీళ్లకు పల్చటి ఉన్ని లోపలి పొర, మధ్యరకం అండర్‌సూట్ చాలామందికి చాలు. 5 డిగ్రీల కిందికి వెళ్లేవాళ్లు 400 గ్రాముల స్థాయి అండర్‌సూట్‌తో పాటు లోపల మందపాటి ఉన్ని, అవసరమైతే చేతుల్లేని జాకెట్ కలుపుకుంటారు. ఒక్క మందపాటి పొర కంటే రెండు పొరలు మేలు. నీటిని బట్టి తీయవచ్చు, కలపవచ్చు, మధ్యలో మరో గాలిపొర కూడా దొరుకుతుంది.

విశాఖలో రుషికొండ దగ్గర డైవింగ్ నేర్చుకున్నవారికి పల్చటి వెట్‌సూట్ చాలు, ఈ సంగతులేవీ అక్కర్లేదు. అమెరికాలో సియాటిల్, రెడ్‌మండ్ ప్రాంతాల్లో స్థిరపడిన తెలుగువాళ్ల పరిస్థితి వేరు. వాళ్ల ఇళ్లకు దగ్గర్లోనే ప్యూజెట్ సౌండ్ ఉంది. పసిఫిక్ మహా ఆక్టోపస్‌లు తిరిగే నీళ్లవి. వేసవిలో కూడా అడుగున ఒళ్లు జిల్లుమంటుంది. అక్కడ డ్రైసూట్ శిక్షణకు వెళ్లాలనుకునే వాళ్లకు నా మనవి ఇది. డబ్బు లెక్క వేసుకునేటప్పుడు పైసూట్ రంగు, హంగులతో మొదలుపెట్టకండి. ముందు లోపలి దుస్తులకు కేటాయించండి. దుకాణంలో వాటిని తిరగేసి చూడండి. పిడికిలితో అదిమి, వదిలాక ఎంత లేస్తుందో చూడండి. రెండు పొరలూ తొడుక్కుని చేతులు తల వెనక్కి పెట్టండి, గొంతుక్కూర్చోండి, ఎడమ భుజం దగ్గర గుడ్డ ఎలా ఉందో తడిమి చూడండి. ఇంటికి తెచ్చాక ఉతికేటప్పుడు ఫ్యాబ్రిక్ సాఫ్ట్‌నర్ వాడకండి, మూట కట్టి అల్మారాలో కుక్కకండి. పైసూట్ అరువు తెచ్చుకున్నా నడుస్తుంది. ఒంటిని వెచ్చగా ఉంచే ఈ రెండు పొరలు మాత్రం మీ కొలతకు, మీ నీటికి తగ్గట్టు మీ సొంతమై ఉండాలి.